బట్ట మీద రాసిన అర్జీ

నాలుగు రోజులుగా ముసురు. ఆదివారం పొద్దున మగ్గం గుంటలో ఊరిన నీళ్లు చెంబుతో ఎత్తిపోస్తున్నాను. వానాకాలంలో మా నేతగాళ్ల ఇళ్లల్లో మొదటి పని అదే. కాళ్లు పెట్టే గుంట ఆరితే తప్ప మగ్గం ఆడదు. సగం నీళ్లు తోడానో లేదో, మా అవ్వ గడపలో నిలబడి, "కొడుకా, పక్కింటి మామ పోయిండు" అంది. మిగిలిన నీళ్లు కూడా తోడి, అప్పుడు వెళ్లాను.

ఆయన మాకు చుట్టం కాదు. రెండిళ్లకూ నడిమి గోడ ఒకటే, అందుకని మామ. తెగిన పోగు అతికేటప్పుడు నాలుక కొస బయటపెట్టేవాడు. సంతకం తప్ప రాత రాదు. నేను బడిపంతులునయ్యాక రోజూ సాయంత్రం పేపరు నాతో చదివించుకునేవాడు. మధ్యలో ఆపి, "గీ మాట అన్నదెవలు? పేరు చదువు" అనేవాడు. పేరు లేని మాటను నమ్మేవాడు కాదు.

నైజాం పోయిన ఏడు ఆయన అన్న నూలు కోసం కరీంనగర్ బయలుదేరి, దారిలో తుపాకి గుండుకు చనిపోయాడు. రజాకార్లని కొందరు, ఫౌజని కొందరు అన్నారు. "ఎవలు కొట్టిన్రో నాకు తెల్వది. సచ్చింది మాత్రం మా అన్న" అనేవాడు మామ.

పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు, మా ఎమ్మెల్యే వేములవాడలో యుద్ధనిధికి సభ పెడుతున్నాడని పేపర్లో చదివాను. మామ ఆపమన్నాడు.

"ఓట్లప్పుడు గీయన మన గడపకొచ్చి అడిగిండు. ఇప్పుడు మనం అడగాలె. లడాయి ఆపి మాట్లాడుకోమని అసెంబ్లీల చెప్పమందాం. ఒక్కని అర్జీ అయితే చింపేస్తడు, ఊరందరిదైతే ఎట్ల చింపుతడు?"

కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. ఒక్కరూ వేలు పెట్టలేదు. పట్వారీ కాగితాల మీద వేలిముద్ర వేసి భూములు పోగొట్టుకున్న ఊరు మాది. అప్పుడు మామ నాలుగు మూరల తెల్లబట్ట నేశాడు. బట్ట మీద వేలు పెడితే భూమి పోయిందని ఎవరూ వినలేదు. రెండు రోజుల్లో బట్టంతా నీలిరంగు వేలిముద్రలు. పైభాగంలో అర్జీ నేను రాశాను. చివర, మాట్లాడకుంటే వచ్చేసారి మా ఓటు లేదని రాయమన్నాడు.

"గది వద్దు మామా, బెదిరిచ్చినట్టుంటది."

"గది లేకుంటే ఉత్త దండం పెట్టినట్టే. రాయి అల్లుడా."

సభకు ఇద్దరం వెళ్లాం. మామ బట్టను మడిచి రెండు చేతుల మీద పట్టుకున్నాడు. నేతగాళ్లు నాయకునికి బట్ట తెస్తే ఏం చేస్తారో అదే జరిగింది. కార్యకర్త ఒకడు దాన్ని అందుకుని, దులిపి, ఎమ్మెల్యే భుజాల మీద కప్పాడు. రాసిన వైపు లోపలికి పోయింది. చప్పట్లు. నేతన్నలు కూడా యుద్ధానికి అండగా ఉన్నారని ఎమ్మెల్యే మైకులో చెప్పాడు.

"గది శాలువ కాదు సారూ, అర్జీ! ఇడిసి సదువుండ్రి!" అని మామ అరిచాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. "శాలువ సదువుడేందే ముసలోడా" అన్నాడొకడు.

ఎమ్మెల్యే తర్వాత చదివినట్టున్నాడు. నాలుగో రోజు ఠాణా నుంచి పోలీసు అమీను వచ్చాడు. ముద్రలు వేసినవాళ్లంతా, గుడి పందిరికని చెప్పి వేయించుకున్నాడన్నారు. మామ కాదనలేదు.

"రాసిందెవడు?"

"నేనే" అన్నాడు మామ.

నేను గోడ పక్కనే ఉన్నాను. నా రాత ఊరందరికీ తెలుసు. అమీను పలక తెప్పించి రాయమన్నాడు. మామ నాలుక కొస బయటపెట్టి తన పేరు వంకరటింకరగా రాశాడు.

"గీ రాతేనారా అది?"

"బట్ట మీదైతే మంచిగొస్తది సారూ. పలక మీద రాదు."

మామను ఠాణాలో రెండు రోజులు ఉంచారు. తిరిగి వచ్చేసరికి నేత సంఘం నూలు ఇవ్వడం మానేసింది. పైనుంచి మాట వచ్చిందన్నాడు ప్రెసిడెంటు. పైనెవరో పేరు చెప్పమని మామ అడిగాడు. సొంత మగ్గం అమ్ముకుని, బతికినన్నాళ్లూ పరాయి మగ్గాల మీద కూలికి నేశాడు. నా నౌకరి నాకుంది. నిరుడు హెడ్మాస్టరునయ్యాను.

మామ నన్నెప్పుడూ ఎత్తిపొడవలేదు. ఒక్కసారి మాత్రం, పేపరు వింటూ, "నీ రాత మంచిగనే ఉంటది అల్లుడా. గా ఓటు ముచ్చట జర పెద్దగ రాయాల్సుండె" అన్నాడు. నేను తరువాతి వార్త చదివాను.

చావుకు ఊళ్లో సగం మంది వచ్చారు. అందరిలో అత్త నన్నే, "సారు, మీ మామ మీద పేపర్ల ఏమన్న రాస్తరా?" అని అడిగింది. రాస్తానన్నాను. ఆ మాట మీదే ఇది రాస్తున్నాను. బట్ట మీద రాసింది నేను.

పాడె లేవకముందే సంఘం ప్రెసిడెంటు వెళ్లిపోయాడు. కట్టెలు తడిసి చితి ఆలస్యంగా అంటుకుంది. తల కొరివి పెట్టిన కొడుకు సెలవు దొరక్క మూడో రోజే భీవండిలో తను పనిచేసే బట్టల మిల్లుకు వెళ్లాడు. అత్త పదకొండో నాడు, పొద్దున ఏడు గంటల బస్సుకు కొడుకు దగ్గరికి వెళ్లిపోయింది. బడి తొమ్మిదింటికి. నేను ఆ రోజు ఆరున్నరకే బడికి వెళ్లాను.