పద్నాలుగో చెట్టుకు పూసిన మూడు పూలు

ముందు పోయినవాటి లెక్క చెప్పేస్తాను. నా చేతులతో గిల్లి పారేసిన మొగ్గలు అరవై మూడు. కోళ్లు తిన్నవి ఇరవై తొమ్మిది. పూల మార్కెట్లో కొని తెచ్చి వృథా చేసిన రోజాలు, అవీ ఇరవై తొమ్మిదే. ఫ్యాక్టరీకి పెట్టిన సెలవు ఒకటి. లెక్క తప్పని మనిషి అని నాకున్న పేరు ఒకటి. మొత్తం నూట ఇరవై మూడు. (పేరునూ పూలనూ కలిపి కూడవచ్చా అని అడగకండి. పోయాక అన్నీ ఒక జాతే.) ఆ రోజుల్లో నాకు ఇరవై ఒక్క ఏళ్లు. లోకంలో ఏ కష్టమైనా సరిగ్గా కూడితే, సరిగ్గా తీసేస్తే తీరిపోతుందని గట్టిగా నమ్మేవాణ్ణి.

మాది వేప్పనపల్లి దగ్గర పల్లె. నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. లెక్కలు మాత్రం మామిడి తోపుల్లో గంపలు ఎంచీ ఎంచీ నాకు నేనే నేర్చుకున్నాను. ఆ ఎంచడమే హోసూరు బయట, ప్లాస్టిక్ పరదాల పందిళ్ల కింద రోజాలు పెంచి విదేశాలకు పంపే ఒక తోటలో ఉద్యోగం ఇప్పించింది. కట్టకు ఇరవై కాడలు, పెట్టెకు ఇన్ని కట్టలు అని లెక్క చూడటం నా పని. మేమంతా దాన్ని ఫ్యాక్టరీ అనే పిలిచేవాళ్లం. అక్కడ ఒక పద్ధతి ఉండేది. కాడకు ఒకే మొగ్గ ఉండాలి. పక్కన పుట్టిన పిల్ల మొగ్గలన్నీ గిల్లేయాలి. అప్పుడే ఉన్న ఒక్కటి పిడికిలంత అవుతుంది. చూడటానికి రాజాలా ఉండేది కానీ, ముక్కు దగ్గర పెట్టుకుంటే అట్టపెట్టె వాసన వచ్చేది.

మూకండపల్లిలో నేను అద్దెకున్న గది వెనక పెరట్లో రోజాలు వేరు. ఓనరమ్మ పెంచిన పద్నాలుగు పన్నీరు రోజా చెట్లు. గుత్తులు గుత్తులుగా పూసేవి. షేర్ ఆటో దిగి సందు మలుపు తిరగ్గానే వాసనే ముందు పలకరించేది. పద్నాలుగోది మాత్రం ఏపుగా ఆకులు వేసేదే తప్ప ఏనాడూ పూయలేదు. అయినా ఆమె దానికీ రోజూ చెంబెడు నీళ్లు పోసేది. "పూసేదానికేనా దప్పి?" అనేది.

నా వంతుగా ఆ పెరట్లోకి మా ఊరినుంచి ఐదు నాటుకోళ్లను తెచ్చాను, బస్సులో గంప ఒళ్లో పెట్టుకుని. నేను వాటిని ఒకటి, రెండు అని పిలిచేవాణ్ణి. ఓనరమ్మకు అది నచ్చలేదు. "జైల్లో ఖైదీలా ఏందప్పా నంబర్లు" అని అన్నిటికీ పేర్లు పెట్టింది. మిగిలినవాటిని కొక్కొక్కమంటూ అదిలించే ఎర్ర పెట్టకు మేస్త్రి అని పేరు. నాకేమో లెక్కలప్ప అని. కోళ్లు చెట్ల మొదళ్లు కెలికి పురుగులు ఏరేవి. వాటి ఎరువు ఎండబెట్టి, మాగబెట్టి చెట్లకు వేసేవాళ్లం. ఎండ పొద్దున రోజా నీడలో మట్టి స్నానం చేసి, రెక్క చాపి, ఒక కన్ను మూసి పడుకున్న కోడిని చూస్తూ కాఫీ తాగినంత సుఖం నేను తర్వాత ఎక్కడా ఎరగను.

ఆ ఏడు ఓనరాయనకు కామెర్లు ముదిరి క్రిష్ణగిరి ఆసుపత్రిలో పద్దెనిమిది రోజులున్నాడు. ఆయన లేచి ఇంటికొస్తే మా వీధి అమ్మవారికి పూల పల్లకి నాడు నూట ఎనిమిది రోజాలు ఇస్తానని ఓనరమ్మ మొక్కుకుంది. అవి కొన్నవి కాకూడదు. తన పెరట్లో, తన చేత్తో నీళ్లు పోసి పెంచినవే కావాలి. ఆయన లేచి వచ్చాడు. పండగ ఐదు రోజులుందనగా ఆమె నన్ను పిలిచింది.

"లెక్కలప్పా, నూటెనిమిది వస్తాయా? నాకు గుండెలు దడదడమంటా ఉండాయి."

చెట్టు చెట్టుకూ తిరిగి, పండగకు విచ్చుకునే మొగ్గలు రెండుసార్లు ఎంచాను. నూట డెబ్బై ఒకటి. "నూటెనిమిది పోను అరవై మూడు మిగుల్తాయి పెద్దమ్మా" అన్నాను. ఆమె మొహం విప్పారింది. ఆ రాత్రి కోడిగుడ్డు కూర గిన్నె నా గదికి వచ్చింది.

అక్కడితో ఊరుకుని ఉంటే నేను ఈనాటికీ గొప్పవాణ్ణే. కానీ ఆ అరవై మూడూ నన్ను నిద్రపోనివ్వలేదు. అవసరం లేని అరవై మూడు మొగ్గలు, అవసరమున్న నూట ఎనిమిదింటి తిండి తినేస్తున్నాయి కదా! ఫ్యాక్టరీ పద్ధతి పెరటికి మాత్రం ఎందుకు పనికిరాదు? మర్నాడు తెల్లవారగానే, ఆమె లేవకముందే, ప్రతి గుత్తిలోంచీ చిన్నవి చూసి సరిగ్గా అరవై మూడు గిల్లాను. ఒకటి ఎక్కువ కాదు, ఒకటి తక్కువ కాదు. వాటిని గోడవార కుప్పపోసి, కోళ్ల గూడు తలుపు తీసి, చెయ్యి కడుక్కుని డ్యూటీకి వెళ్లాను.

ఆ కోళ్లు అంతవరకు రోజా మొగ్గ రుచి ఎరగవు. కుప్ప చూశాయి, తిన్నాయి, మెచ్చుకున్నాయి. కుప్ప అయిపోయాక మేస్త్రి తల పైకెత్తి, అదే సరుకు కొమ్మలమీద కూడా ఉందని కనిపెట్టింది. సాయంత్రం నేను వచ్చేసరికి ఓనరమ్మ చీపురు పట్టుకుని పెరటి మధ్య నిలబడి ఉంది. మేస్త్రి ఏడో చెట్టు కొమ్మమీద ఊగుతోంది.

"యాడ పోయినాయప్పా మొగ్గలు? కోళ్లు తిన్నవి తినినాయి, ఈ గిల్లినవేంది? కోడికి గోళ్లు ఉంటాయి గానీ ఇంత నాజూగ్గా గిల్లుతాదా?"

నేను ఫ్యాక్టరీ పద్ధతి వివరించాను. ఆమె మొత్తం విని, "అమ్మవారు పూవును కొలుస్తాదా, ఎంచుతాదా?" అంది. నేను పోయి మళ్లీ ఎంచాను. చెట్లమీద మిగిలినవి డెబ్బై తొమ్మిది. ఆమె మెట్టుమీద కూర్చుని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మంచంమీదున్న ఓనరాయన మాత్రం కిటికీలోంచి, "నా పానం నూటెనిమిది పూలకు కుదిరింది. ఇప్పుడు డెబ్బై తొమ్మిదికి వచ్చింది. తక్కిన ఇరవై తొమ్మిది పూల పానం అమ్మవారు వెనక్కి తీసుకుంటాదో ఏమో!" అన్నాడు. ఆయన నవ్వడానికే అన్నాడు. ఆమె నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

పండగ ముందురోజు సెలవు పెట్టి హోసూరు మార్కెట్లో ఇరవై తొమ్మిది పన్నీరు రోజాలు కొన్నాను. ఓనరమ్మ పాలకు వెళ్లిన వేళ చూసి, అరటినారతో వాటిని కొమ్మలకు కట్టాను. పద్నాలుగు చెట్లు, చెట్టుకు రెండు. మిగిలిన ఒక్కటీ ఆఖరి చెట్టుకు. లెక్క అద్దంలా ఉంది.

పాలచెంబుతో వచ్చిన ఆమె, పద్నాలుగో చెట్టు ముందు ఆగింది. పుట్టాక పూయని చెట్టు! దానికి ఒకటి కాదు, మూడు! చెంబు కింద పెట్టి చేతులు జోడించబోయింది. అంతలో అరటినార కనబడింది.

"లెక్కలప్పా!"

"పెద్దమ్మా..."

"పూయని చెట్టుకే ఒకటి ఎక్కువ కట్టినావు గదప్పా! నువ్వు ఎంచుతావు గానీ చూడవు." అలా అంటూనే ఆమెకు నవ్వు వచ్చింది. గోడ పట్టుకుని నవ్వింది. లోపల ఓనరాయన కడుపు పట్టుకుని, "నవ్వించొద్దే, నాకింకా నొప్పి ఉండాది" అని అరిచాడు. కొన్న పూలన్నీ విప్పించి, "మేస్త్రికి వెయ్యిపో, దానికి అరుగుతాయి" అంది.

మర్నాడు పల్లకి ముందు డెబ్బై తొమ్మిది పూలు పెట్టి, నన్ను భుజం పట్టి ముందుకు నెట్టి, అమ్మవారితో గట్టిగానే చెప్పింది. "తక్కినవి ఈ పిల్లోడి బాకీ తల్లీ. యేడాదికి ఒకటి. వాడే పెంచల్ల, వాడే తెచ్చి ఇయ్యల్ల. కొనేది లేదు, కట్టేది లేదు."

ఇది జరిగి ఇరవై నాలుగేళ్లు. నేను ఆ ఉద్యోగం మారాను, క్రిష్ణగిరికి ఇల్లు మారాను. పెరట్లో ఆ చెట్ల కొమ్మలు నాటినవే పదకొండు రోజాలు. వాటికింద మేస్త్రి సంతతి ఆరు కోళ్లు. మొగ్గ ఒక్కటి గిల్లను. ప్రతి ఏటా పండగకు ఒక్క పువ్వు తమలపాకులో చుట్టుకుని మూకండపల్లి బస్సు ఎక్కుతాను. కరోనా వల్ల పల్లకి కదలని రెండేళ్లు తప్ప. ఓనరాయన ఆ మొక్కుమీద మరో పంతొమ్మిదేళ్లు నవ్వుతూ బతికాడు.

పోయిన పండగకు అడిగాను. "పెద్దమ్మా, నా చెట్లు ఇప్పుడు విరగబూస్తా ఉండాయి. మిగిలినవన్నీ ఒకేసారి ఇచ్చేస్తే?"

ఆమె పళ్లు లేని నోటితో నవ్వి, "ఇన్ని లెక్కలు వచ్చినాయి, ఇది రాలేదు చూడు నీకు. అన్నీ ఒకేసారి ఇచ్చేస్తే మళ్లా యేడు యాడికి వస్తావప్పా?" అంది.

ఆమెకిప్పుడు ఎనభై ఒకటి. ఆ సంఖ్యకూ, నా బాకీకీ మధ్య ఉన్న కూడిక చాలా సులువు. నా జీవితంలో నేను వెయ్యకుండా వదిలేసిన లెక్క అదొక్కటే. బాకీ మాత్రం చెప్పగలను. ఇంకా ఏడు పూలు.