వాసన ఆగిన బావి

నంద్యాలలో నాపరాళ్ల అంగడి ముందు బస్సు కోసం నిలబడ్డాను. లోపల నల్లబండను మిషనుతో కోస్తున్నారు. రంపం రాతిలోకి దిగగానే కుళ్లిన గుడ్డు వాసన వీధిలోకొచ్చింది. పక్కనున్నావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం గట్టిగా పీల్చాను. ఇలాంటి వాసన తగిలితే, అది వస్తూనే ఉందా, ఆగిందా అని చూసుకోవడం నాకు అలవాటు. ఆ అలవాటు నేర్పినవాడు దేవసాయం అన్న.

ఆయనది శిరివెళ్ల పక్క పల్లె. ఆళ్లగడ్డ దాకా పాతబావుల్లో పూడిక తీసేవాడు. నేను పదో తరగతితో ఆగినా, వారానికోసారి నంద్యాల గ్రంథాలయానికి పోయి దొరికిందల్లా చదివేవాణ్ణి. అందుకే నన్ను ‘సారూ’ అని ఎగతాళి చేసేవాడు. మా చేని బావి అడుగంటిన ఏడాది ఆయన్ను పిలిచాను. మనుషులు చాలక నేనూ దిగుతానన్నాను.

మొదటి రోజు పైకొచ్చిన నల్లటి బురదలో ఒక వేపాకు కనబడింది. గట్టు మీది వేపచెట్టును మా తాత కాలంలోనే కొట్టేశారు. ఆకు మాత్రం ఈనెలతో సహా అట్లాగే ఉంది.

“ఇదేందన్నా, నిన్న రాలినట్టుండాదే?”

“ఆడ గాలి లేదు సారూ. పురుగు కూడా బతకల్యా. తినేటోళ్లు లేక ఇది మిగిలిండాది. రేపు నువ్వు దిగేది ఆడికే.”

నేను ఊరుకోలేదు. చదివిందంతా చెప్పాను. సముద్రంలో చచ్చిన జీవుల్లో చాలా భాగం కిందికి చేరేలోపే తినబడుతుంది. అడుక్కి చేరిన కొద్దిపాటి కర్బనాన్ని ప్రాణవాయువు అందని బురదలో వేరే సూక్ష్మజీవులు పట్టుకుంటాయి. అవి ఉప్పునీటిలోని సల్ఫేటుతో బతికి, కుళ్లు గుడ్డు వాయువును వదులుతాయి. అవి తినలేనిది మట్టి రేణువుల మధ్య దాక్కుని, లోతుగా పూడి, నల్లరాయిలో మిగిలిపోతుంది.

“మన కాళ్ల కింద ఉండేది అట్లాంటి సముద్రపు అడుగే అన్నా.”

“అయితే అది ఇంకా ఊపిరి ఇడస్తాండాదన్నమాట,” అన్నాడు. నవ్వలేదు.

మర్నాడు, లోపల గాలి ఉందో లేదో చూడటానికి ముందు దీపం దించాం. ఆరలేదు. నడుముకు తాడు కట్టుకుని దిగాను. ఆయన షరతు ఒక్కటే, దిగినవాడు అడిగినప్పుడల్లా వాసన చెప్పాలి. బురద కదిలేకొద్దీ కంపు కమ్ముకుంది.

“ఏం వాసన సారూ?”

“కుళ్లు గుడ్డు!”

“ఇప్పుడు?”

“అదే!”

ఉన్నట్టుండి కంపు పోయింది. గాలి తేటపడిందనుకున్నాను. ఎంతో హాయిగా అనిపించింది. “ఏ వాసనా లేదన్నా! బాగుండాది!” అని అరిచాను.

అంతలోనే తాడు బిగిసి, నా కాళ్లు గాల్లోకి లేచాయి. మోచేతులు గోడకు గీరుకుంటూ గట్టు మీద పడ్డాను. కళ్లు మండిపోయాయి. కక్కుకున్నాను.

“వాసన యాడికీ పోల్యా. నీ ముక్కు చచ్చింది,” అన్నాడు దేవసాయం అన్న. నా నడుముకున్న తాడు విప్పాడు. “మా తమ్ముడూ బావిలోంచి ఇదే మాట అన్యాడు, బాగుండాది అన్నా అని. ఏం బాగుండాదిరా అని అడుగుతా నిలబడినా. మళ్లా పలకల్యా.”

ఆ వాయువు చిక్కబడితే ముందు ముక్కునే చంపుతుందని తర్వాత గ్రంథాలయంలో చదివాను. పుస్తకంలో అది ఒక్క వాక్యం.

దేవసాయం అన్న చనిపోయాక, బావిలో మనిషి దిగితే తాడు పట్టడానికి నన్ను పిలుస్తున్నారు. మొన్న ఒకాయన్ను అడిగాను, ఏం వాసనని. “ఏమీ లేదప్పా, సెంటు కొట్టినట్టుండాది!” అన్నాడు కింది నుంచి. వెంటనే లాగించేశాను. “తమాషాకి అంటే లాగేస్తావా? నీకు బుద్ధుండాదా?” అంటూ గట్టు మీద నిలబడి అందరి ముందూ తిట్టాడు. మనిషి పలుకుతున్నాడు, అది చాలనుకుని ఆ తిట్లన్నీ చివరిదాకా విన్నాను.