స్కోఫీల్డ్స్ నుంచి బాక్సింగ్ క్లాసుకు: నా గుండె భయం వదిలిన శనివారం

మొన్న మార్చిలో ఆఫీసు మీటింగులో ఉండగా గుండె పట్టేసినట్టయింది. ఆసుపత్రిలో అన్ని పరీక్షలూ చేసి, గుండె నిక్షేపంగా ఉందన్నారు. డాక్టరు నమ్మారు, మావారు సగం నమ్మారు, నేను మాత్రం ఒక్క ముక్క నమ్మలేదు. నాలుగు మెట్లెక్కినా చెయ్యి ఛాతీ మీదికి పోయేది. చివరికి మా జీపీ, అంటే మా ఫ్యామిలీ డాక్టరు, విసుగెత్తి, నడక చాలదు, గుండె గట్టిగా కొట్టుకునే వ్యాయామం కావాలి, ఒకరినొకరు కొట్టుకోని బాక్సింగ్ క్లాసులుంటాయి, వెళ్లమన్నారు. ఈ వయసులో బాక్సింగేమిటి నా బొంద అనుకుంటూనే పోయిన శనివారం బయలుదేరాను.

మేముండే స్కోఫీల్డ్స్‌లో ఎనిమిదింటికి రైలెక్కితే పావుగంటలో బ్లాక్‌టౌన్. కారులో వెళ్తే పార్కింగ్ వెతుక్కోవడానికే అంతసేపు పడుతుంది. స్టేషన్ నుంచి కాస్త నడిస్తే జిమ్. మొదటి క్లాసు ఉచితం, తర్వాత ఒక్కోదానికి పాతిక డాలర్లు, గ్లోవ్స్ వాళ్లే ఇస్తారు. లోపల నాకేమైనా అయితే ఎలాగన్న భయంతో తలుపు దగ్గరే చాలాసేపు తచ్చాడాను.

కోచ్ ఓ పొడుగాటి అమ్మాయి. నా ఆరోగ్యం సంగతంతా అడిగి, ఆయాసమొస్తే ఆగమని చెప్పి, మా పక్క పేట ద పాండ్స్ నుంచి వచ్చే వరంగల్ ఆంటీకి నన్ను జోడీగా వేసింది. అరవై దాటిన రిటైర్డ్ లెక్చరర్ ఆవిడ. ఏడాదిగా వస్తున్నారట, ఇప్పుడు గోడ పట్టుకోకుండా ఒంటికాలి మీద నిలబడి సాక్సు తొడుక్కుంటున్నారట. ముందు ఆవిడ గుద్దులు కాచుకునే మెత్తటి ప్యాడ్లు చేతులకు తొడిగి పట్టుకుంటే నేను గుద్దాను. కీబోర్డు ముందు బిగుసుకుపోయిన భుజాలు మెల్లగా వదులయ్యాయి. ఎడమా కుడీ లెక్క తప్పకుండా చూసుకోవడంలో ఆఫీసు గొడవలేవీ గుర్తు రాలేదు.

తర్వాత ప్యాడ్లు నావి, గుద్దులు ఆవిడవి. ఓ అడుగు ముందుకేయబోయి ఆవిడ కాలు తొక్కాను. పెద్దావిడ కాలు తొక్కి ఊరుకుంటామా? ఆలోచించకుండానే వంగాను, తాకి కళ్లకద్దుకుందామని. అప్పటికే ఆవిడ గుద్దు బయలుదేరింది. నా నుదుటి మీద దభీమని తగిలింది, మ్యాట్ మీద చతికిలబడ్డాను.

క్లాసంతా ఆగిపోయింది. కోచ్ పరుగెత్తుకొచ్చి, నుదురు చూసి, ఛాతీలో నొప్పేమైనా ఉందా అని అడిగింది. అప్పుడు చూసుకున్నాను. గుండె దడదడ కొట్టుకుంటోంది, ఒళ్లంతా చెమట. నొప్పి మాత్రం లేదు. కూర్చుని ఊపిరి తీసుకుంటుంటే దడ దానంతటదే తగ్గింది. అమ్మయ్య అనిపించింది, నవ్వు ఆగలేదు, కళ్లల్లో నీళ్లు కూడా వచ్చాయి.

ఆంటీ నన్ను లేపుతూ అన్నారు. "గిక్కడ కాళ్లు మొక్కుడేంది బిడ్డా? చేతులు పైకి పెట్టు. ఇంకో రౌండుంది."

ఆ రౌండు కూడా పూర్తిచేశాను. ఇన్ని నెలలుగా గుండె వేగంగా కొట్టుకుంటే చాలు, జబ్బే అనుకున్నాను. దాని పని అది చేస్తోందని రిపోర్టులు చెబితే నమ్మలేదు, ఒళ్లు అలిసిపోయాక నమ్మాను. మీరూ వెళ్లాలనుకుంటే, ఎప్పుడైనా ఛాతీ నొప్పి వచ్చినవాళ్లయితే మాత్రం ముందు డాక్టరును అడిగి వెళ్లండి. తిరుగు రైల్లో మావారు ఫోన్ చేసి, గుండె ఎలా ఉందని అడిగారు. ఆకలేస్తోందన్నాను.