గాలి రోజున గ్రీకు పరీక్ష

గ్రీకు నేర్పుతానంటే విశాఖపట్నంలో నన్ను చూసి నవ్వనివాళ్ళు తక్కువ. "ఏటి బావా, గ్రీకు ఓడలొస్తే మాటాడ్డానికా?" అని పోర్టులో పనిచేసే నా స్నేహితుడు ఇప్పటికీ ఏడిపిస్తాడు. ఇది ఓడలవాళ్ళు మాట్లాడే గ్రీకు కాదురా, రెండువేల ఏళ్ళ కిందటిది అంటే ఇంకా గట్టిగా నవ్వుతాడు. వాడి నవ్వు వాడిది. పాత గ్రంథాలను నేరుగా తెలుగులోకి తెచ్చే చిన్న సంస్థ ఒకటి వన్‌టౌన్‌లో ఉంది. ఏటా కొందరికి గ్రీకు నేర్పి, చివర్లో నోటి పరీక్ష పెట్టి, బాగా చేసినవాళ్ళను అనువాదం పనిలోకి తీసుకుంటుంది. అక్కడ పాఠం చెప్పేది నేను.

కొన్నేళ్ళ కిందట నా క్లాసులో ఒకామె ఉండేది. ముప్పై దాటిన మనిషి. చేపల రేవు దగ్గర ఇల్లు, భర్త ఫైబర్ పడవ మీద వేటకు వెళ్తాడు. తెలుగు ఎమ్మే ప్రైవేటుగా కట్టి ప్యాసయింది. ఎందుకొచ్చిన గ్రీకమ్మా నీకు అని మొదటి రోజే అడిగాను, నా నోరు ఊరుకోదు కదా.

"నాకీ పని దొరికితే మావని సముద్రం మాన్పించీగలను సార్. మా మరిదిని ఇప్పటికే అది ఉంచీసుకుంది. ఇంకొకల్ని ఇవ్వను" అంది.

మొదటి ఏడు ఆమె పరీక్ష తప్పి, మళ్ళీ చేరింది. రెండోసారి తప్పితే ఇక అవకాశం ఉండదు. అందుకే అందరికంటే ముందొచ్చి కూర్చునేది.

గ్రీకులో అందరూ తడబడే చోటు ఒకటుంది. మన ‘తిని’, ‘తింటూ’ లాంటి అసమాపక క్రియలు వాళ్ళకూ ఉన్నాయి, కుప్పలు తెప్పలుగా. వాటిలో ఒక రూపానికి వర్తమానమని, ఇంకో రూపానికి అయోరిస్టని పేరు. పేరు చూసి విద్యార్థులు మొదటిది ఇప్పుడు జరిగేదనీ, రెండోది ఎప్పుడో జరిగిపోయిందనీ అనుకుంటారు. కాదు మొర్రో అంటాను. ‘అన్నం తిని బస్సెక్కాడు’ అంటే తినడం అయిపోయింది. ‘రేపు అన్నం తిని బస్సెక్కుతాడు’ అన్నప్పుడు ఇంకా బియ్యమే కడగలేదు, అయినా ‘తిని’ మారలేదు. ఎక్కడం కంటే తినడం ముందని చెబుతుంది, అంతే. అయోరిస్టు చాలామటుకు మన ‘తిని’ లాంటిది, వర్తమానం ‘తింటూ’ లాంటిది. అసలు కాలం ఏదో తేల్చేది వాక్యంలోని ప్రధాన క్రియ. ఏటా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఇదే చెబుతాను. ఆమె మాత్రం కాసేపు ఆలోచించి, "అయితే ఆఖరి మాటొచ్చీవరకూ ఎవుడు బతికున్నాడో ఎవుడు పోనాడో తెలీదన్నమాట" అంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వి తర్వాతి పాఠంలోకి వెళ్ళాను.

పరీక్ష దగ్గర పడేసరికి బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. పోర్టులో ప్రమాద సూచిక ఎగరేశారు. వేటకు వెళ్ళిన పడవలు ఒక్కొక్కటే రేవుకు చేరాయి. ఆమె భర్త పడవ చేరలేదు. ముందు రోజు సాయంత్రానికే రావాలి, ఫోను కలవడం లేదు. పరీక్షకు రాదేమో అనుకున్నాను. తడిసిన చీరతోనే వచ్చింది. ఫోనులు బయట పెట్టాలన్నది నియమం. తన ఫోను తెచ్చి నా చేతిలో పెట్టి, "మోగితే మీరే ఎత్తండి సార్. మా అత్త సేత్తాది" అంది. దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని కూర్చున్నాను. అంత బరువైన ఫోను నేనెప్పుడూ మోయలేదు.

పరీక్షకుడు హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దాయన. మంచి పండితుడు, మంచి మనిషే, కాకపోతే పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ప్రతివాళ్ళకూ తాను కూర్చిన గ్రీకు వాక్యం ఒకటి ఇచ్చి తెలుగు చేయమంటున్నాడు. ఆ రోజు వాతావరణం చూసి కూర్చాడో ఏమో, వాక్యం సముద్రం మీదే ఉంది. ఆమె కాగితం చూసింది. గొంతు సవరించుకుని, పుస్తకాల తెలుగులో మొదలుపెట్టింది.

"ఆ మనుషులు పడవ ఎక్కి, గట్టు విడిచి, ఎదురుగాలి వీస్తుండగా, దేవతలను పిలుస్తూ..."

ఆగిపోయింది. మిగిలింది ఒక్క క్రియ. మొదటి నెలలో నేర్పే క్రియ.

"ఊఁ, పిలుస్తూ?" అన్నాడు ఆయన.

ఆమె పెదవులు బిగించి కూర్చుంది. కిటికీ రెక్క టపటపా కొట్టుకుంటోంది. ఆయన మళ్ళీ అడిగాడు. "క్రియ తెలియలేదని రాసుకోనా?" అన్నాడు.

"తెలుసండి. మావ నీళ్ళ మీదున్నాడు. ఆడు ఒడ్డెక్కీవరకూ మా ఇళ్ళల్లో ఆ మాట ఎత్తం. గిన్నె నీళ్ళలో పడ్డా అలగ అనం" అంది.

నాకు తిక్క రేగింది, ఎవరి మీదో తెలియకుండానే. వేరే వాక్యం ఇవ్వమని ఆయన్ని అడిగాను. ఒకరికి మారిస్తే అందరికీ మార్చాలన్నాడు. "మీ ఇంట్లో దీపం ఆరిపోయిందంటారా, కొండెక్కిందంటారా?" అని నిలదీశాను. ఇల్లు వేరు, పరీక్ష వేరు అన్నాడు. చివరికి, సాయంత్రం రైలుకు బయల్దేరేలోగా ఆ ఒక్క మాట చెబితే చాలు, చెప్పకపోతే తప్పినట్టే అని తేల్చాడు.

ఆమె వరండాలో నిలబడింది. అక్కడి నుంచి పోర్టు క్రేన్లు కనిపిస్తాయి, గాలికి అన్నీ పని ఆపేసి ఉన్నాయి. మిగతావాళ్ళ పరీక్షలు అయిపోయాయి. ఆయన కాగితాలు సంచిలో సర్దుకుంటున్నాడు. నేను టీ తెప్పించి, అది చల్లారిందని ఇంకో టీ తెప్పించి, గ్రీకు ఉచ్చారణ మీద నాకే నమ్మకం లేని వాదన ఒకటి పెట్టుకుని కాలయాపన చేశాను. మధ్యలో వరండాలోకి వెళ్ళి బతిమాలాను.

"వట్టి మాటమ్మా. అనెయ్. ఆయన్ని సముద్రం మాన్పించేది ఈ ఉద్యోగమే కదా?"

"మీకు వట్టి మాట సార్. ఆడు నీళ్ళ మీదుండగా నా నోట్లో వట్టి మాటుండదు" అంది. "ఇంతా సదివి పోగొట్టుకుంతన్నానని నాకు తెల్దా?"

తథాస్తు దేవతల్ని నేను నమ్మను. అయినా ఆ తర్వాత ఇంకోసారి చెప్పమని అడగడానికి నాకు నోరు రాలేదు.

ఆయన సంచి భుజాన వేసుకుని గుమ్మం దాటుతుండగా నా జేబులో ఫోను మోగింది. బటన్ నొక్కేసరికి అవతల ముసలావిడ ఏడుపు. "భీమిలికాడ ఒడ్డెక్కినాడే అమ్మా! ఇంజిను సెడిపోనాదట, ఇంకో పడవోలు తాడేసి లాక్కొచ్చినారట" అంటోంది ఏడుపులోనే. ఫోను ఆమె చేతిలో పెట్టాను. విన్నది, తిన్నగా పరీక్షకుడి ముందుకొచ్చి నిలబడింది.

"...దేవతలను పిలుస్తూ మునిగిపోయారు" అంది. ముఖమంతా నవ్వు, కళ్ళ నిండా నీళ్ళు. ఆ మాటను అంత సంతోషంగా పలికిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆయన సంచి దింపలేదు. "గాలి వీచి అనకుండా వీస్తుండగా అని ఎందుకన్నావు?" అని నిలబడే అడిగాడు. "వర్తమాన రూపం కదండి. ఆళ్ళు పోయినప్పటికి గాలింకా ఆగలేదు" అంది. ఆయన తలూపి మార్కు వేసి రైలుకు వెళ్ళిపోయాడు.

పని దొరికింది. భర్త నెలరోజులు ఇంట్లో కూర్చున్నాడు. ఒడ్డు మీద నిద్ర పట్టట్లేదని ఒక పొద్దున్నే వల భుజానేసుకుని మళ్ళీ వెళ్ళాడు. ఆమె ఆయనతో పోట్లాడింది, మాట్లాడ్డం మానేసింది, అన్నం పెట్టనంది. ఏదీ పనిచేయలేదు. ఇప్పటికీ వెళ్తూనే ఉన్నాడు.

ఆమె చేసిన అనువాదాలు సరిచూడటం నా పని. ఆయన వేటకు వెళ్ళిన రోజుల్లో కొన్ని వాక్యాలు చివరి క్రియ లేకుండా వస్తాయి. పాత గ్రంథాల్లో చచ్చేవాళ్ళకేం తక్కువ? అడగకుండా నేనే ఆ మాటలు రాసి అచ్చుకు పంపుతాను. పొద్దుటి నుంచి గాలి తిరిగింది, అలాంటి వాక్యాలు మూడు నా బల్ల మీద ఉన్నాయి. అచ్చుకు ఈరోజే పంపాలని ప్రెస్సువాళ్ళు రెండుసార్లు ఫోను చేశారు. ఆయన ఒడ్డెక్కాక రాస్తానని చెప్పాను.