రోమన్ శాంతికి కమిలి రాసిన జవాబు

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది నాకు మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో, ఓపెన్ స్కూల్ డ్యూటీ పడింది. వారమంతా కురవి హైస్కూల్లో సోషల్ చెప్పి, ఆదివారాలు మానుకోట సెంటర్లో, చదువు మధ్యలో ఆగిన పెద్దవాళ్లకు పదో తరగతి చెప్పాలి. వాళ్లు ఇంటి దగ్గర రాసి తెచ్చే అసైన్‌మెంట్లు మేమే దిద్దేవాళ్లం. ఆ మార్కులు చివరి పరీక్షలో కలుస్తాయి. దిద్దేటందుకు 'కీ' అనే జవాబుల కాగితం ఇస్తారు. అందులో ఉన్న పాయింటుకే మార్కు.

కమిలి కురవి దగ్గరి లంబాడీ తండా కోడలు, అంగన్‌వాడీలో ఆయా. పది పాసైతేనే టీచర్ పోస్టుకు అర్హత. అప్పటికే సోషల్ రెండుసార్లు తప్పింది.

ఆ విడత పది మార్కుల ప్రశ్న ఇది: రోమన్ సైన్యాలు నెలకొల్పిన శాంతి వల్ల కలిగిన లాభాలు రాయండి. కీలో ఉన్నవి రోడ్లు, వ్యాపారం, ఒకే చట్టం. కమిలి రాసిందేమో భూపాలపల్లి అడవి పక్కనున్న తన పుట్టింటి తండా గురించి. పోలీసు క్యాంపు పెట్టినాక దొంగతనాలు ఆగాయట, బస్సు వచ్చిందట. కానీ తీజ్ పండుగకు ఆడపిల్లలు పాడుతూ ఆడాలన్నా ముందు క్యాంపులో చెప్పి రావాలట. నేను ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి సున్నా వేశాను.

మరుసటి ఆదివారం కాగితం పట్టుకుని వచ్చింది. "సున్నా ఎందుకు సార్? తప్పేం రాసిన?"

అడిగింది రోమ్ గురించి అన్నాను.

"రోమ్ నాకెట్ల తెలుస్తది సార్? క్యాంపు తెలుసు. లాభం ఎవరికో ప్రశ్నల లేదు. రోమోళ్లకా, వాళ్లు గెలిచిన ఊర్లోళ్లకా?"

కోపం వచ్చింది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకాన్ని. జవాబు పాఠంలోనే ఉందని చూపించి నోరు మూయిద్దామని పుస్తకం తెరిచాను. పాఠమంతా తిరగేసినా, ఓడిపోయినవాళ్లు ఆ శాంతి గురించి ఏమనుకున్నారో ఒక్క వాక్యం లేదు. ముప్పై ఏళ్లుగా అదే పాఠం చెబుతున్నాను. సిగ్గేసింది.

వేసిన మార్కు మార్చాలంటే కొట్టేసి సంతకం పెట్టాలి, కారణం రాయాలి, సెంటర్ కోఆర్డినేటర్ సంతకం తేవాలి. నా సర్వీసులో అదొక్కటే దిద్దుబాటు. ఏడు మార్కులు వేసి, కారణం దగ్గర "పొరపాటు నాది" అని రాశాను. కోఆర్డినేటర్ ఆ కారణం చదివి సంతకం చేశాడు.

కమిలి ఆ ఏడాది అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. ఇప్పుడు తమ తండాలోనే అంగన్‌వాడీ టీచర్. నన్ను చూస్తే "బాగున్నరా సార్" అని లేచి నిలబడుతుంది. నిజానికి నిలబడాల్సింది నేను. అంత రుణపడి ఉన్నాను.

రిటైరయ్యేదాకా స్కూల్లో నేనే తయారుచేసిన ప్రతి పేపర్లో "లాభాలు రాయండి" అన్నచోట "ఎవరికి?" అన్న మాట కలిపాను. ఆ ప్రశ్నలకు కీ రాయడం మానేశాను.