పెంచలయ్య గారి చేపల పులుసు పరీక్ష

నిన్న తడ దగ్గర ఒక కంపెనీలో కొత్త ఇంటర్నెట్ ఫోన్ల పెట్టెలు విప్పుతుంటే కొత్త వైర్ల వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే చాలు, నాకు పెంచలయ్య గారు గుర్తొస్తారు. నెల్లూరులో ఆఫీసులకు నెట్‌వర్కులు వేసే చిన్న సంస్థ ఆయనది. డిగ్రీ అయిన వెంటనే నాకు పని ఇచ్చింది ఆయనే. అప్పట్లో నేను నోట్లో నాలుక లేని పిల్లని. ఎదుటివాళ్లు తప్పు చెబుతున్నా పూర్తయ్యేదాకా వినేదాన్ని, పూర్తయ్యాక కూడా ఊరుకునేదాన్ని. ఆయన మాత్రం అందరి మాటల్లోనూ దూరిపోయేవారు. అయినా ఆయన మీద ఎవరికీ కోపం వచ్చేది కాదు.

విడవలూరు దగ్గర సముద్రం ఒడ్డున, రొయ్య పిల్లలను పెంచి అమ్మే హేచరీలో పాత ఫోన్లు తీసేసి ఇంటర్నెట్ ఫోన్లు పెట్టే పని వచ్చింది. పెంచలయ్య గారు ఆ పనంతా నాకు అప్పగించారు. సీజన్ మొదలైతే రొయ్యల రైతులు ఫోన్ల మీదే ఆ పిల్లలను అడుగుతారు. రేకుల షెడ్లలో సెల్ సిగ్నల్ అందదు. కొత్త ఫోన్లు మొరాయిస్తే వాళ్ల సీజన్ దెబ్బతింటుంది, నన్ను ఇంకెవరూ నమ్మి పని చెప్పరు. కంప్యూటర్‌తో నెట్‌వర్కు పరీక్షించాను. అన్నీ పచ్చ గుర్తులే. సంబరంగా ఆయనకు చూపించాను.

"ఎప్పుడు చూసినావు పాపా?" అన్నారు.

"మధ్యాహ్నం సార్. అందరూ అన్నానికి పోయినప్పుడు, ఎవరికీ అడ్డం లేకుండా."

"ఎవరూ లేని రోడ్డు మీద ఏ బండైనా బాగానే పోతది. పొద్దున అందరూ ఉన్నప్పుడు చూద్దాం."

మర్నాడు ఆఫీసులో లెక్కలు చూసే సుభద్రను ఒక ఫోన్ దగ్గర, షెడ్డులో పనిచేసే మస్తానమ్మక్కను ఇంకో ఫోన్ దగ్గర నిలబెట్టారు. "హలో హలో అంటే చాలదు. చేపల పులుసు మీద తగువు పెట్టుకోండి" అన్నారు.

"మామిడికాయ వేయకుండా పులుసేందక్కా?" అని మొదలుపెట్టింది సుభద్ర.

"మీ ఇంట్లో చేప తక్కువ, కాయ ఎక్కువంట గదా?" అంది మస్తానమ్మక్క.

తగువు రెండు మాటలకే తడబడింది. ఇద్దరూ ఒకేసారి ఆగుతున్నారు, ఒకేసారి అందుకుంటున్నారు. అక్క ఎగతాళికి సుభద్ర నవ్వు అవతలికి చేరేసరికి అక్క ఇంకో మాటలో ఉంది. పొద్దున పూట అందరూ కంప్యూటర్లలో రొయ్యల తొట్ల కెమెరాలు తెరుస్తారు. ఆ వీడియో అంతా మాటలు పోయే దారినే ఆక్రమిస్తోంది. మధ్యాహ్నం నాకు అది కనబడనే లేదు.

అంతలో యజమాని రమణయ్య గారు వచ్చారు. "రేపే రైతులందరికీ కొత్త నంబర్లు పంపిస్తుండాము" అంటూ మమ్మల్ని మెచ్చుకోవడం మొదలుపెట్టారు. నేను పెంచలయ్య గారి వైపు చూశాను. అందరి మాటల్లో దూరే మనిషి, వేరుశెనక్కాయలు వలుచుకుంటూ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"సార్, రేపు పంపొద్దు" అన్నాను, రమణయ్య గారి మాట మధ్యలోనే.

ఆయన ఆగిపోయారు. "ఏందమ్మా, మీ సారు నిమ్మళంగా కూర్చోనుంటే?"

"ఇంకా కుదర్లేదు సార్. మాటలు ఆలస్యంగా పోతుండాయి. రెండు రోజులు ఇయ్యండి."

రమణయ్య గారు పెంచలయ్య గారిని చూశారు. "పని ఆ పాపది. వద్దంటే వద్దనే" అన్నారాయన, కాయ వలుస్తూనే. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

మాటలకు ముందు దారి ఇచ్చి, వీడియో ఆ తర్వాత నడిచేలా మార్చాను. కరెంటు పోయినా ఫోన్లు పలికేలా బ్యాటరీ పెట్టించాను. మళ్లీ ఆ ఇద్దరినీ తగువుకు దించితే ఆపడం ఎవరి తరమూ కాలేదు. షెడ్డంతా పని మానేసి చుట్టూ చేరి నవ్వింది. సీజన్ తొలి రోజు ఫోన్లు ఎడతెగకుండా మోగాయి. రమణయ్య గారు మాకు రొయ్యల వేపుడుతో భోజనం పెట్టించారు.

పెంచలయ్య గారు ఇప్పుడు పని మానేసి వాకాడులో ఉంటున్నారు. ఆయన నేర్పిన సెట్టింగులన్నీ ఎప్పుడో పాతబడ్డాయి. పని కుదరలేదని తెలిస్తే మాత్రం, ఎంత పెద్దవాళ్ల మాటకైనా అడ్డం వచ్చి చెప్పేస్తాను. వారానికోసారి ఆయనకు ఫోన్ చేస్తాను. ఆయన ఒక సంగతి ఎత్తుకోగానే నేను అందుకుంటాను. "నన్నొక ముక్క మాట్లాడనీయవా పాపా?" అంటారు ఆయన, ముచ్చటపడుతూ. నేను ఆగను. ఈ నోరు ఆయన ఇచ్చిందే, ఆయన దగ్గర దాచుకోవడం నాకు చేతకాదు.