గాలి మాస్టారు ఎక్కని విమానం

టీ చల్లారకముందే తాగండి, చెప్తాను. ఒక్కటే షరతు. బెంగళూరు ఎలా ఉందని మాత్రం ఎవరూ అడగొద్దు. మొన్న శనివారం బెంగళూరు వెళ్తున్నానని వీధంతా టాంటాం వేసి, కొత్త చొక్కా తొడుక్కుని మరీ బయల్దేరానా? ఆ రోజంతా నేను చూసింది గుడివాడ. అదీ మూడుసార్లు!

నా సంగతి తెలియనివాళ్ల కోసం ముందు కాస్త చెప్పాలి. నేను చల్లపల్లి దగ్గర హైస్కూల్లో సోషల్ టీచర్ని, ఉండేది బందర్లో. కానీ సోషల్ మాస్టారు అంటే నన్నెవరూ గుర్తుపట్టరు. గాలి మాస్టారు అనాలి. ఇరవై ఒక్కేళ్లుగా రోజూ పొద్దున్నే డాబా ఎక్కి, గాలి ఎటునుంచి వస్తోంది, ఎంత జోరుగా వస్తోంది అని నోట్‌బుక్‌లో రాసుకోవడం నా అలవాటు. ఆరింటికల్లా వాట్సాప్‌లో 'గాలి కబురు' పెడతాను. దాన్ని చూసి వడియాలు పెట్టేవాళ్లున్నారు, ధాన్యం ఆరబోసేవాళ్లున్నారు, షామియానా కట్టేవాళ్లున్నారు. షామియానా ఒక్కటి ఎగిరిపోయింది, నిజమే. దాని గురించి ఇప్పుడొద్దు.

అలాంటి నాకు బెంగళూరులో తెలుగు టీచర్ల సదస్సు నుంచి పిలుపొచ్చింది. సాయంత్రం ఆరున్నరకి నా ప్రసంగం. వాళ్లు పెట్టిన పేరు వినండి: 'గాలిని ముందే పసిగట్టడం ఎలా?' విమానం టికెట్టు కూడా వాళ్లే పంపించారు. ఇన్నేళ్ల సర్వీసులో జెండా వందనం రోజు తప్ప నాకెవరూ మైకు ఇవ్వలేదండీ. అబద్ధమెందుకు, ఆ ఉత్తరం పదిసార్లు చదువుకున్నాను.

ఇక్కడ మా ఆవిడ విజయ ప్రవేశం. విజయకి పంచాంగం చూడనిదే కూరలో ఉప్పు కూడా పడదు.

"ఏవండీ, శనివారం పొద్దున్న మీరు బయల్దేరే టైముకి సరిగ్గా వర్జ్యం ఉంది. గడప దాటడానికి వీల్లేదు."

"విమానం వాళ్లకి వర్జ్యం ఉండదే!"

"వాళ్లకి లేకపోతే మనకుంది కదా. ప్రస్థానం పెడదాం."

ప్రస్థానం అంటే ఈ కాలం పిల్లలకి తెలుసో లేదో. ముందురోజే మంచి ఘడియ చూసి మన సామాన్లలో ఒకటి పక్కింట్లో పెట్టేస్తే, మనం అప్పుడే బయల్దేరిపోయినట్టు లెక్క. మర్నాడు వర్జ్యంలో వెళ్లినా దోషం లేదు. వెళ్తూ వెళ్తూ ఆ సంచీ తీసుకుని కారెక్కాలి, అంతే.

మా పక్కిల్లు రోల్డ్ గోల్డ్ పని చేసే ఖాసిం గారిది. మా రెండిళ్లకీ మధ్య గోడ ఒక్కటే. శుక్రవారం సాయంత్రం విజయ సంచీ పట్టుకెళ్లి వాళ్లింట్లో పెట్టింది. ఖాసిం గారికి ఇది మామూలే. "మా ఇంట్లో పెట్టి వెళ్లిన పని ఒక్కటీ చెడలేదు విజయమ్మ గారూ" అని ఆయనే ధైర్యం కూడా చెప్పారట.

ఆ సంచీలో ఏం పెట్టిందనుకున్నారు? తుండుగుడ్డో, లుంగీయో పెట్టొచ్చు కదా? నా గాలి నోట్‌బుక్ పెట్టింది! "మీరు నన్నైనా మర్చిపోతారు గానీ దాన్ని మర్చిపోరు, అందుకే" అంది. చాలా తెలివైన ఏర్పాటు. శనివారం పొద్దున్న కారొచ్చింది, డ్రైవర్ హారన్ కొట్టాడు, సంచీ విజయ తెచ్చి పెట్టిందని నేనూ, నేను తెచ్చుకున్నానని విజయా అనుకున్నాం. టాటా కూడా చెప్పుకున్నాం.

పావుతక్కువ పదికల్లా గన్నవరం చేరాను. విమానం పదకొండూ నలభైకి. ఇంకా లోపలికి కూడా వెళ్లలేదు, మెసేజ్ వచ్చింది: బలమైన గాలుల కారణంగా మీ విమానం ఆలస్యం, కొత్త టైము మధ్యాహ్నం మూడు గంటలు.

నాకు కంగారేం రాలేదు. ఇంకా చెప్పాలంటే గర్వంగా అనిపించింది. తలెత్తి చూస్తే మంచి పడమటి గాలి. జూన్‌లో మన దగ్గర వీచేదే. రోడ్డవతల తాటాకులు పటపటలాడుతున్నాయి. బయటే ఉన్న టికెట్ కౌంటర్ దగ్గరికెళ్లాను. ఒకమ్మాయి కూర్చుని ఉంది.

"అమ్మా, మూడు గంటలు ఖాయమేనా?"

"ఖాయమని చెప్పలేమండీ. టైము మారొచ్చు. మీరు ఎయిర్‌పోర్ట్‌లోనే ఉండండి సార్."

"మారితే వెనక్కే మారుతుంది. ఈ గాలి పన్నెండింటికి ఊపందుకుంటుంది, నాలుగు దాటితే గానీ దిగదు. రాసిపెట్టుకో."

"అది కాదండీ, గాలి వచ్చేసి..."

"నేను బందరు వాణ్ణమ్మా! గాలి గురించి నాకా చెప్తావు?"

ఆ పిల్ల ఇంకేదో అనబోయింది. నేను విననిస్తేనా? పడమటి గాలి గుణగణాల మీద మూడు నిమిషాలు క్లాసు పీకాను. వెనకాల లైన్లో ఉన్నాయన దగ్గే దాకా ఆపలేదు.

అప్పుడే విజయ ఫోను. "ఏవండీ, ప్రస్థానం సంచీ ఖాసిం గారింట్లోనే ఉందట!"

ఆ నోట్‌బుక్ లేకుండా నేను స్టేజీ ఎక్కి ఏం చెప్పను? లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి. ఫోటోలు తీసి పంపమందామంటే ఎన్ని పేజీలని పంపుతుంది? అయినా నోట్‌బుక్ చేత్తో పైకెత్తి చూపించాలని నాకో కోరిక. అద్దం ముందు రెండుసార్లు ప్రాక్టీసు కూడా చేశాను.

ఇంతలో ఖాసిం గారు ఫోన్ తీసుకున్నారు. "మాస్టారూ, నేనెలాగూ సరుకు ఇవ్వడానికి గుడివాడ బయల్దేరుతున్నాను. అక్కడిదాకా తెస్తాను, మీరు రాగలరా?"

రాగలనా! మూడింటి దాకా నేనే రాజుని. గుడివాడ వెళ్లడానికి గంట, రావడానికి గంట. మా కారు డ్రైవర్ ఇంకా కౌంటర్ పక్కనే టీ తాగుతూ అంతా విన్నాడు. "సార్, ఆ అమ్మాయి ఇక్కడే ఉండమంది కదా?" అన్నాడు. "ఆ అమ్మాయికి గాలి తెలియదయ్యా, పోనీ" అన్నాను.

పదకొండున్నరకి గుడివాడ చేరగానే కాలవ దగ్గర ఖాసిం గారు బండాపి సంచీ చేతికిచ్చారు. "పనైపోయింది, హాయిగా వెళ్లి రండి మాస్టారూ" అని ఆయన దారిన ఆయన వెళ్లిపోయారు. నేను కూడా బుద్ధిగా వెనక్కి తిరగాల్సింది. తిరగలేదు. ఎందుకంటే కాలవ గట్టు మీద తాటిచెట్లు ఒక్క వరసలో ఊగుతున్నాయి. అబ్బ, ఏం గాలండీ అది! దీన్ని వీడియో తీసి సాయంత్రం తెరమీద వేస్తే? 'నా విమానాన్ని ఆపిన గాలి ఇదే' అంటే? హాలంతా చప్పట్లే!

వీడియో మొదలెట్టాను. రెండు నిమిషాలకే ఎవరో ఫోన్ చేశారు, రికార్డింగ్ ఆగిపోయింది. మళ్లీ మొదలెట్టాను, మళ్లీ ఫోను. చిరాకొచ్చి ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టేశాను. ఇక ప్రశాంతంగా పాతిక నిమిషాలు తీశాను. చెట్లు తీశాను, నీళ్ల మీద అలలు తీశాను, తాడుమీద ఆరేసిన ఎవరిదో దుప్పటి తీశాను. నేనే ముందు నిలబడి వివరణ ఇస్తూ కూడా తీయించాను. డ్రైవర్ కెమెరామాన్. నా జుట్టు సరిగ్గా ఎగరలేదని రెండో టేకు కూడా అయింది.

పన్నెండూ పదికి ఫోను మామూలు చేశాను. టింగుటింగుమని మెసేజ్‌లు పడ్డాయి. మొదటిది విజయది: సంచీ అందిందా? రెండోది విమానం వాళ్లది: వాతావరణం అనుకూలించినందున మీ విమానం పన్నెండూ యాభై ఐదుకు బయల్దేరుతుంది.

రెండుసార్లు చదివాను. తలెత్తి చూశాను. తాటిచెట్లు ఇంకా ఊగుతూనే ఉన్నాయి! అనుకూలించడమేంటి? ఎక్కడ అనుకూలించింది?

"పోనీ, పోనీ!" అని కార్లో పడ్డాను. మన గన్నవరం రోడ్డు సంగతి తెలుసుగా. ముందు గడ్డి ట్రాక్టరు. రోడ్డంతా అదే. దాన్ని దాటితే రొయ్యల వ్యాను. దాన్ని దాటితే ఇంకో గడ్డి ట్రాక్టరు. మరోపక్క, కొత్త టైము నెట్‌లో చూసిందట, విజయ మెసేజ్‌లు: ఎక్కారా? ఎక్కారా? ఆ కంగారులో ఏం చెయ్యాలో తెలియక బొటనవేలు బొమ్మ ఒకటి పంపించేశాను. అదే నేను చేసిన రెండో తప్పు.

ఎయిర్‌పోర్ట్ గేటు దగ్గర కారు మలుపు తిరుగుతుండగా నా విమానం గాల్లోకి లేచింది. నా ప్రసంగం, నా చప్పట్లు, నా కిటికీ సీటు అన్నీ కలిసి నా నెత్తిమీద నుంచే వెళ్లిపోయాయి. నవ్వకండి. నిజంగా ఏడుపొచ్చింది.

అయినా కౌంటర్ దగ్గరికి దూకుడుగానే వెళ్లాను. "ఏంటమ్మా ఇది! ఇంత గాలి పెట్టుకుని విమానం ఎలా పంపించారు? ప్రాణాలంటే లెక్కలేదా?"

పాపం ఆ పిల్ల ఓపిగ్గానే చెప్పింది. "సార్, పొద్దున్న మీకు అదే చెప్పబోయానండీ. గాలి ఇక్కడ కాదు. బెంగళూరులో. మీరెక్కాల్సిన విమానం అక్కణ్ణుంచే రావాలి. అక్కడ గాలి ఎక్కువై లేవలేకపోయింది. తగ్గగానే వచ్చేసింది."

"మరి ఇక్కడి గాలి?"

"ఇది రన్‌వేకి సూటిగా ఎదురొస్తోందండీ. ఎదురుగాలి ఉంటే విమానం లేవడానికి ఇంకా సుఖమట. అడ్డంగా వస్తేనే ఇబ్బంది."

ఇరవై ఒక్కేళ్లు గాలిని రాసిన మనిషిని. విమానానికి ఎదురుగాలి మంచిదని నాకు తెలియదు! ఆ అమ్మాయికి థ్యాంక్స్ చెప్పి పక్కకొచ్చేశాను. సాయంత్రంలోపు వేరే విమానం లేదు.

సదస్సు ఏర్పాట్లు చూసే శారద మేడమ్‌కి ఫోన్ చేసి, గాలి వల్ల ఇలా అయిందని చెప్పాను. ఎవరి గాలి అన్నది చెప్పలేదు. "అయ్యో, పర్లేదు మాస్టారూ. మీ ప్రసంగం ఎలాగూ లైవ్‌లో పెడుతున్నాం. ఆరున్నరకి ఉన్నచోట నుంచే లింకులోకి రండి, ఇక్కడ హాల్లో తెరమీద చూపిస్తాం" అందావిడ. ప్రాణం లేచొచ్చింది.

కానీ ఉన్నచోటంటే ఎక్కడ? ఇంటికి వెళ్దామంటే, అప్పటికే విజయ 'దిగారా?' అని మెసేజ్ పెడితే 'ఆ' అనేశాను. అదీ కాక సాయంత్రం నా ప్రసంగం టీవీలో చూడటానికి వీధిలో వాళ్లందర్నీ మా హాల్లోకి పిలిచింది. ఇరవై మందికి పకోడీలు వేస్తోందట. వాళ్లముందు సూట్‌కేసు పట్టుకుని ఏ మొహంతో దిగను?

ఐదున్నరకి బందరు చేరి, వెనక సందులోంచి ఖాసిం గారింటికి వెళ్లాను. ఆయన నన్నూ, సంచీనీ మార్చి మార్చి చూశారు. లింకు సంగతి చెప్పాను, మహానుభావుడు వెంటనే కదిలారు. పనిగదిలో మెరుగు పెట్టే మోటారు ఆపించి, గాజుల డబ్బాలు పక్కకి జరిపి, గోడకి నీలం దుప్పటి కట్టించారు. వెలుతురు కోసం టేబుల్ లైటు కూడా పెట్టారు.

ఆరున్నర. హాల్లో రెండొందల మంది టీచర్లు. నేను గొంతు సవరించుకుని, "అందరికీ నమస్కారం!" అన్నాను. బాగా గట్టిగానే అన్నాను, అలవాటు కదా.

తర్వాత తెలిసిందేమిటంటే, మా హాల్లో కూర్చున్నవాళ్లకి ఆ నమస్కారం ముందు గోడలోంచి వినిపించిందట. పది సెకన్ల తర్వాత టీవీలోంచి ఇంకో నమస్కారం. మొదట ఎవరికీ అర్థం కాలేదు. నేను పడమటి గాలి అన్నప్పుడల్లా గోడ ముందంటోంది, టీవీ తర్వాతంటోంది. ఎదురింటి పాప లేచి వెళ్లి గోడకి చెవి ఆనించి, "మాస్టారు ఇందులో ఉన్నారు" అని తేల్చేసిందట.

ఇవేవీ తెలియని నేను అరగంట దంచేశాను. నోట్‌బుక్ పైకెత్తి చూపించాను. చప్పట్లు కూడా కొట్టారండీ! ఆ చప్పట్లకి కడుపు నిండిపోయింది. పొద్దున్నించీ పడ్డదంతా మర్చిపోయాను.

అప్పుడు శారద మేడమ్ మైకు తీసుకుంది. "మాస్టారూ, చాలా బావుంది. లైవ్‌లో మొదటి ప్రశ్న మచిలీపట్నం నుంచి విజయ గారు రాశారు. చదువుతున్నాను." ఆవిడ కళ్లజోడు సర్దుకుని, ఒక్కో మాటా స్పష్టంగా చదివింది.

"గౌరవనీయులైన వక్తగారు బెంగళూరు నుంచి పక్కింటి దాకా వచ్చారు. ఇంకో పది అడుగులు వేసి ఇంట్లోకి రావడానికి గాలి అనుకూలంగా ఉందా, లేక పకోడీలు మేమే తినెయ్యమంటారా?"

ఇక దాచడానికేముంది? మైకు ఆపాననుకుని, గోడవైపు తిరిగి, రెండొందల మంది టీచర్లు వింటుండగా, నేనొక్కటే జవాబు చెప్పాను.

"వస్తున్నానే విజయా! ముందు వాళ్లందర్నీ పంపించెయ్యి."